డబ్బా టీవీ, వీసీఆర్ మళ్ళీ బయటికి తీస్తే ఇంట్లో సినిమా రాత్రులు తిరిగొస్తాయా?

పాతసామాను:

స్టోర్ రూమ్‌లో ఒక డబ్బా టీవీ ఉంది, 21 అంగుళాల పిక్చర్ ట్యూబ్‌ది. దాని పక్కనే వీసీఆర్, ఒక అట్టపెట్టె నిండా వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్లు. గది ఖాళీ చేద్దాం అనుకోగానే ఇంట్లో అందరి చూపూ ముందు వాటి మీదే పడింది. నాకు మాత్రం పారెయ్యబుద్ధి కావట్లేదు.

విషయం ఏంటంటే, ఇప్పుడు హాల్లో 55 అంగుళాల ఫోర్‌కే టీవీ ఉంది, ఏ సినిమా కావాలంటే ఆ సినిమా ఉంది, అయినా రాత్రి అందరం కూర్చుని ఒక సినిమా మొదలుపెట్టి చివరిదాకా చూడటం దాదాపు ఆగిపోయింది. ఏం చూడాలో తేల్చుకోడానికే అరగంట పోతుంది. పెట్టిన పావుగంటకి ఒకరు ఫోన్ తీస్తారు, ఇంకొకరు "ఇది బాలేదు, వేరేది పెట్టు" అంటారు. అప్పుడేమో ఒక క్యాసెట్ తెచ్చుకుంటే ఆ రాత్రికి అదే సినిమా, బాగున్నా బాగోకపోయినా అదే, లైటు తీసేసి నేల మీద దిండ్లేసుకుని, మధ్యలో గీతలొస్తే ట్రాకింగ్ ఎవరు తిప్పాలా అని వాదించుకుంటూ చూసేవాళ్ళం. చెత్త సినిమాలు కూడా పూర్తిగా చూశాం, వాటిని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాం, అదీ ఒక సరదానే.

మొన్న ఉత్సాహం ఆపుకోలేక వీసీఆర్‌ని కొత్త టీవీకి తగిలించాను. బొమ్మ చూసి నీరుగారిపోయాను. మొహాలు అలికేసినట్టున్నాయి, ఎవరైనా కదిలితే అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలు, ఎరుపు రంగు పక్కకి కారిపోతోంది, పైభాగంలో బొమ్మ ఒక వైపుకి వంగి ఊగుతోంది. నాకు గుర్తున్న బొమ్మ ఇది కాదు. అప్పుడూ ఇంత అధ్వానంగానే ఉండేదా, మనకే తెలీలేదా? లేక టేపులే పాడయ్యాయా?

నా ప్రశ్నలు ఇవీ. ఆ పాత టీవీకే వీసీఆర్ తగిలిస్తే నిజంగా తేడా ఉంటుందా? ఇన్నేళ్ళు మూలన పడున్న టీవీకి ప్లగ్ పెట్టడం ప్రమాదమా? ఇదంతా చేసి వారానికో సినిమా రాత్రి పెడితే నిలబడుతుందా, రెండో వారానికే అందరూ జారుకుంటారా? "వదిలెయ్ బాసూ" అనేవాళ్ళు కూడా రావచ్చు, కారణం చెప్పి అనండి.


టంకం_పొగ:

ముందు టేపుల్ని అనుమానించకండి. మీరు చెప్పిన లక్షణాల్లో సగం పైన కొత్త టీవీ పుణ్యమే.

వీహెచ్ఎస్‌ని జేవీసీ 1976లో తెచ్చింది. అప్పుడు ఇళ్ళల్లో ఉన్నవన్నీ ట్యూబు టీవీలే, కాబట్టి టేపు మీద రాసేదంతా ట్యూబు గీసుకునే పద్ధతిలోనే ఉంటుంది. బొమ్మ మొత్తం ఒక్కసారిగా రాదు, గీత తర్వాత గీతగా వస్తుంది, అందులోనూ ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. పాల్ (మన దగ్గర వాడిన టీవీ బొమ్మ పద్ధతి) అయితే 625 గీతలు, సెకనుకి 25 పూర్తి బొమ్మలు, అంటే 50 సగం బొమ్మలు. ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం వాటిని వచ్చినవి వచ్చినట్టు గీసుకుంటూ పోతుంది, కలపడం మన కన్ను చూసుకుంటుంది. కొత్త టీవీకి అలా కుదరదు. దానికి బొమ్మ మొత్తం కావాలి, అందుకని రెండు సగాలనీ తనే కుడుతుంది. వీడియో కెమెరాతో తీసినదైతే ఆ రెండు సగాలూ తీసిన క్షణాల మధ్య సెకనులో యాభయ్యో వంతు తేడా ఉంది, ఆ లోపు మనిషి చెయ్యి కదిలితే కుట్టు కలవదు. మీరు చూసిన దువ్వెన పళ్ళు అవే.

ఆ తర్వాత సైజు సంగతి. వీహెచ్ఎస్‌లో అడ్డంగా దొరికే వివరం సుమారు 240 గీతల పాటిది, రంగు వివరం అందులో చిన్న వంతు మాత్రమే. ఫోర్‌కే తెర అంటే 3840 బై 2160, ఎనభై లక్షల పైన చుక్కలు. లేని వివరాన్ని టీవీలోని చిప్ ఊహించి నింపాలి, అది చాలక "షార్ప్‌నెస్" పేరుతో అంచుల్ని చెక్కుతుంది, టేపు మీది గరగరని కూడా వివరమే అనుకుని చెక్కుతుంది. ట్యూబు మీద చుక్కల అంచులు మెత్తగా ఉంటాయి, తెర కూడా చిన్నది, టేపు లోపాలు చాలావరకు అందులోనే కలిసిపోతాయి.

పైన బొమ్మ వంగడం కూడా అలాంటిదే. టేపు కొంచెం సాగుతుంది, టేపుని చదివే హెడ్లున్న డ్రమ్ము వేగం ఇసుమంత అటూ ఇటూ అవుతుంది, దాంతో ఒక్కో గీత కాస్త ముందుగానో ఆలస్యంగానో వస్తుంది. పాత టీవీ సర్క్యూట్ ఆ తడబాటుతో పాటే నడుస్తుంది. కొత్తవాటిలో చాలావాటికి ఆ ఓపిక లేదు.

కదలిక గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది ఒక్క టేపుల సంగతి కాదు. ట్యూబులో ప్రతి చుక్కా క్షణకాలం వెలిగి ఆరిపోతుంది. ఎల్‌సీడీ అయితే తర్వాతి బొమ్మ వచ్చేదాకా పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. కెమెరా పక్కకి తిరిగేటప్పుడు మన కన్ను దాని వెంట పోతుంది, తెర మీది బొమ్మ మాత్రం ఉన్నచోటే ఉండి ఉండి గెంతుతుంది, అందుకే మసక. నలుపు కూడా అంతే, ట్యూబులో పుంజం పడని చోట వెలుగు పుట్టదు, మామూలు ఎల్‌సీడీలో వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. వెనక లైటు లేకుండా ప్రతి చుక్కా తనే వెలిగే ఓఎల్ఈడీ కొన్నవాళ్ళకి నలుపు దొరికింది. కదలిక ఇంకా పూర్తిగా దొరకలేదు.

ఇక ప్లగ్ సంగతి. వెనక మూత మాత్రం మీరు తెరవకండి, ఇది అతి జాగ్రత్త కాదు. కలర్ ట్యూబుకి సుమారు 25 వేల వోల్టులు వెళ్తాయి, ప్లగ్ పీకేశాక కూడా ఆ ఛార్జి ట్యూబులో నిలిచి ఉండొచ్చు. ఈ పని తెలిసినవాళ్ళే ముందు డిశ్చార్జ్ చేసి గానీ చెయ్యి పెట్టరు. బయటి నుంచి వైరు ఎక్కడా చీలలేదని చూసుకుని, టీవీని ఒకటి రెండు రోజులు పొడిగా ఉన్న గదిలో ఉంచి అప్పుడు ఆన్ చెయ్యండి. మొదటిసారి పెట్టి వదిలేసి బయటికి పోవద్దు. కాలిన వాసనో, చిటపటలో వస్తే వెంటనే ప్లగ్ తీసి, పాత టీవీలు బాగుచేసేవాళ్ళకి చూపించండి. ఎక్కువగా పోయేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, అవి కాలం గడిచేకొద్దీ ఎండిపోతాయి, చేతనైనవాళ్ళకి అది పెద్ద పని కాదు.

ఆన్ చెయ్యగానే "ధుమ్" అంటే భయపడకండి, అది డీగాసింగ్ కాయిల్. ట్యూబులో తెర వెనక సన్నటి రంధ్రాల ఇనుప రేకు ఒకటి ఉంటుంది, భూమి అయస్కాంతత్వానికి, దగ్గర్లో స్పీకర్ ఉంటే దానికి కూడా అది మాగ్నెట్ అవుతుంది, రంగులు మరకలు కడతాయి. ఆ కాయిల్ ప్రతిసారీ దాన్ని శుభ్రం చేస్తుంది. మూలల్లో పచ్చగానో ఊదాగానో మరక కనిపిస్తే ఒక అరగంట ఆపి, చల్లబడ్డాక మళ్ళీ ఆన్ చెయ్యండి.

ఎత్తేటప్పుడు తెరని ఛాతీ వైపు పెట్టుకుని ఎత్తండి, బరువంతా ముందు గాజులోనే. పిల్లలుంటే పొట్టిగా వెడల్పుగా ఉన్న బల్ల మీదే పెట్టండి, అది ముందుకి బోల్తా పడితే మామూలు దెబ్బ కాదు.


అడ్డంగా_వాదిస్తా:

పై ఆయన చెప్పిన సైన్సంతా ఒప్పుకుంటాను. కానీ టేపుకి ట్యూబు నప్పుతుంది అంటే టేపు మంచిదని కాదు కదా.

మీకు గుర్తున్నది సినిమా కాదు, సినిమాలో సగం. 2.35 నిష్పత్తిలో తీసిన వెడల్పు సినిమాని పాత టీవీల 4:3 తెరలో ఇరికించడానికి పక్కలు కోసేసేవాళ్ళు. లెక్కేసుకోండి, ఫ్రేములో 40 శాతం పైనే పోతుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి పోట్లాడుకునే సీన్ అయితే ఒకరి ముక్కు ఇటు, ఇంకొకరి ముక్కు అటు, మధ్యలో గోడ. అది కూడా బాలేదనిపిస్తే లేని కెమెరా కదలిక ఒకటి పుట్టించేవాళ్ళు. పాల్ పద్ధతి వాడిన చోట్ల ఇంకో వింత, సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25గా నడిపేవాళ్ళు. రెండు గంటల సినిమా దాదాపు ఐదు నిమిషాలు ముందే అయిపోయేది, గొంతులు కొంచెం సన్నబడేవి. ఎవరికీ తెలీలేదు కాబట్టి ఎవరూ బాధపడలేదు.

అద్దెకి తిరిగిన క్యాసెట్ అయితే సరిగ్గా మంచి సీన్ దగ్గరే గీతలు. అందరూ అక్కడే రివైండ్ చేసి చూశారు, అక్కడే పాజ్ పెట్టారు. పాజ్‌లో టేపు ఆగుతుంది గానీ డ్రమ్ము సెకనుకి పాతిక సార్లు తిరుగుతూ అదే చోట రుద్దుతూ ఉంటుంది. అందుకే కాసేపటికి మెషీనే భయపడి పాజ్ తీసేసేది.

కూర్చోవడం కూడా గుర్తు చేసుకోండి. 21 అంగుళాల తెర ముందు పదిమంది అంటే ముందున్న ముగ్గురికి సినిమా, మిగతావాళ్ళకి ఆ ముగ్గురి తలకాయలు. లైటు తియ్యకపోతే గుండ్రటి గాజులో మన గదే మనకి కనిపించేది.

"ఎంచుకునే బాధ లేదు" అనే మాట దగ్గర నాకు అసలు పేచీ. బాధ లేనిది ఎవరికి? ఎవరో ఒకరు ఎంచారు కదా ఆ క్యాసెట్. ఆ రోజుల్ని తలుచుకుని మురిసిపోయేవాళ్ళలో ఎక్కువమంది క్యాసెట్ ఎంచినవాళ్ళో, రిమోట్ చేతిలో ఉన్నవాళ్ళో అని నా అనుమానం. ఇష్టం లేని సినిమా ముందు కూర్చుని నిద్రపోయినవాళ్ళు ఇలాంటి చర్చలకి రారు. మీ ఇంట్లో ఒకసారి మిగతావాళ్ళని అడిగి చూడండి, ఆ రాత్రుల గురించి ఏమంటారో.


టంకం_పొగ:

పక్కలు కోసిన మాట నిజం, కానీ అది క్యాసెట్ తయారుచేసినవాళ్ళ పని, దాన్ని టీవీ మీద వెయ్యకండి. పైనా కిందా నల్లపట్టీలు పెట్టి పూర్తి ఫ్రేము ఇచ్చిన క్యాసెట్లూ వచ్చాయి. "తెరలో సగం ఖాళీగా ఉంది" అని వద్దన్నది చూసే జనమే.

రిమోట్ మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. 1956లో జెనిత్ కంపెనీ స్పేస్ కమాండ్ అని ఒక రిమోట్ తెచ్చింది. దానికి బ్యాటరీ లేదు. లోపల చిన్న అల్యూమినియం కడ్డీలు, బటన్ నొక్కితే ఒక బుల్లి సుత్తి వాటిని కొడుతుంది, మన చెవికి అందని శబ్దం పుడుతుంది, టీవీ దాన్ని విని ఛానల్ మారుస్తుంది. తాళాలు గలగలలాడినా ఒక్కోసారి మారిపోయేదట. మీరన్న రిమోట్ పెత్తనం వైరు లేకుండా సాగడం అక్కడి నుంచి గట్టిగా మొదలైంది.


సాయంత్రం_ఏడు:

మా ఇంట్లో సినిమా రాత్రి కొంతకాలంగా నడుస్తోంది, పాత సామాను ఏదీ లేకుండానే, కాబట్టి మీ మూడో ప్రశ్నకి నేను చెప్తాను.

ముందు ఒక పాత సంగతి. సోనీ వాళ్ళ బీటామ్యాక్స్ అనే ఇంకో రకం క్యాసెట్ 1975లోనే వచ్చింది, బొమ్మ వీహెచ్ఎస్ కంటే కాస్త మెరుగనే పేరు కూడా ఉంది. కానీ మొదట్లో దాని టేపు మీద పట్టేది గంట మాత్రమే. వీహెచ్ఎస్‌కి రెండు గంటలు పట్టేది, అంటే సినిమా మొత్తం ఒకే టేపులో. వీహెచ్ఎస్ గెలవడానికి ఇంకా చాలా కారణాలు చెప్తారు గానీ నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తుంది, మధ్యలో లేచి టేపు మార్చక్కర్లేకుండా ఒక సినిమా మొదలై ముగుస్తుంది. చివరికి సోనీ కూడా 1988లో వీహెచ్ఎస్ మెషీన్లు చెయ్యడం మొదలుపెట్టింది. మీరు మిస్సవుతున్నది ఆ మొదలూ ముగింపూ అనుకుంటా. ఇప్పుడు సినిమా అయిపోకముందే మూలన ఇంకో సినిమా బొమ్మ వచ్చి కూర్చుంటుంది.

మేం చేసేది ఇది. ఎంచుకోవడం వంతులవారీగా. ఈ వారం ఎవరి వంతైతే వాళ్ళు మధ్యాహ్నానికల్లా పేరు చెప్పేస్తారు, రాత్రి టీవీ ముందు వెతుకులాట ఉండదు. మిగతావాళ్ళు వద్దనడానికి లేదు. నచ్చకపోతే అరగంట తర్వాత లేచి వెళ్ళొచ్చు, కానీ తమ వంతు వచ్చినప్పుడు ఎవరైనా వెళ్ళిపోతే ఏడవకూడదు. (అడ్డంగా_వాదిస్తా గారూ, మీ పేచీకి ఇదే మా జవాబు.) ఫోన్లు పక్క గదిలో ఛార్జింగ్‌లో ఉంటాయి. చేతిలో పెట్టుకుని చూడకుండా ఉండమంటే ఎవరి వల్లా కాదు, నా వల్ల అసలు కాదు. మధ్యలో ఒక విరామం, అప్పుడు వాదించుకోవడానికి అనుమతి.

ఈ పద్ధతి మొదట్లో బలవంతంగానే అనిపించింది, పెద్దవాళ్ళే ఎక్కువ విసుక్కున్నారు. చిన్నవాళ్ళు తమ వంతు కోసం ముందు నుంచే జాబితా రాసుకోవడం మొదలుపెట్టాక దారిలో పడింది.

కొత్త టీవీలోనే చూసేట్టయితే సెట్టింగుల్లో మోషన్ స్మూతింగ్ తీసేయండి, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. అది లేని ఫ్రేముల్ని మధ్యలో కల్పించి పెడుతుంది, సినిమా కాస్తా సీరియల్‌లా జారుతూ కనిపిస్తుంది. 2019లో టీవీ కంపెనీలూ సినిమా స్టూడియోలూ ఉన్న యూహెచ్‌డీ అలయన్స్ అనే సంఘం ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఒకటి తెచ్చింది, మీ టీవీలో ఉంటే అదొక్కటి నొక్కితే ఇలాంటివన్నీ ఆగిపోతాయి. రెండోది శబ్దం. పాత డబ్బాలో స్పీకర్ చాలావరకు మన వైపే చూసేది, వెనక చెక్కో ప్లాస్టిక్కో పెద్ద డొల్ల ఉండేది. పలకలాంటి టీవీలో దానికి చోటే లేదు, స్పీకర్లు కిందకో వెనక్కో చూస్తుంటాయి, మాటలు గోడకి తగిలి వస్తాయి. చిన్న సౌండ్ బార్ పెట్టినా మాట తెలుస్తుంది. "ఏమన్నాడు?" అని అడగడం తగ్గితే సగం మంది ఫోన్ వైపు చూడరు.


రీలు_చుట్ట:

అందరూ సినిమాల గురించే మాట్లాడుతున్నారు. అట్టపెట్టె నిండా క్యాసెట్లు అన్నారు కదా, అందులో మీ ఇంటివి ఎన్ని?

సినిమా క్యాసెట్ పోతే ఆ సినిమా ఇంకెక్కడో దొరుకుతుంది. ఇంట్లో తీసుకున్నది పోతే పోయినట్టే. కాబట్టి సినిమా రాత్రి తర్వాత, ముందు ఆ పెట్టెని నేల మీద బోర్లించి రెండు కుప్పలు చెయ్యండి. పేరు రాయనివి ఇంటివే అనుకోండి. మామూలు వీహెచ్ఎస్ కంటే చిన్న క్యాసెట్లు కనిపిస్తే అవి వీహెచ్ఎస్-సీ కావచ్చు, వాటిని ఒక అడాప్టర్ తొడుగులో పెట్టి ఇదే వీసీఆర్‌లో చూడొచ్చు. ఇంకా చిన్నవైతే వీడియో 8 రకం, దానికి ఆ రకం కెమెరానో ప్లేయరో కావాలి.

తొందర దేనికంటే మెషీన్ల వల్ల. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ వీసీఆర్‌ల తయారీ ఆపేసింది 2016 జూలైలో, ఆ తర్వాత కొత్తవి లేవు. ఇప్పుడు తిరుగుతున్నవన్నీ పాతవే, రబ్బరు రోలర్లు గట్టిపడుతున్నాయి, బెల్టులు సాగుతున్నాయి, బాగుచేసేవాళ్ళు తగ్గుతున్నారు. టేపు మీది అయస్కాంత ముద్ర కూడా నెమ్మదిగా బలహీనపడుతుంది, కానీ నా అనుభవంలో టేపు కంటే మెషీనే ముందు మొండికేస్తుంది.

పద్ధతి పెద్ద కష్టం కాదు. క్యాసెట్ వెనక అంచున చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటే ముందు దాన్ని విరిచెయ్యండి, ఇక దాని మీద పొరపాటున రికార్డింగ్ పడదు. ఏళ్ళ తరబడి కదలని టేపుని ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్ళీ మొదటికి చుట్టి అప్పుడు పెట్టండి. యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంతో కంప్యూటర్‌లోకి తీసుకునేటప్పుడు పాల్ టేపైతే 720 బై 576 సైజులో, సగం బొమ్మల్ని కుట్టించకుండా వచ్చినట్టే దాచండి. కుట్టు పని తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఇప్పటికంటే మంచి సాఫ్ట్‌వేర్ వస్తుంది. ఒకసారి తప్పుగా కుట్టి అసలుది చెరిపేస్తే మాత్రం వెనక్కి రాదు. వీలైతే టైమ్ బేస్ కరెక్టర్ ఉన్న వీసీఆర్ సంపాదించండి, పైన చెప్పుకున్న గీతల తడబాటుని అది సరిచేస్తుంది. లాంగ్ ప్లే వేగంలో (టేపు నెమ్మదిగా నడిపి ఎక్కువసేపు పట్టించే పద్ధతి) రికార్డు చేసినవి వేరే మెషీన్‌లో సరిగా పలకకపోవచ్చు, వాటికి రికార్డు చేసిన పాత మెషీనే నయం.

తీసినదాన్ని డీవీడీలో రాసి అయిపోయిందనుకోకండి. ఇంట్లో రాసే డీవీడీలో డేటా ఉండేది ఒక రంగు పొరలో, వెలుగుకీ వేడికీ అది చెడిపోతుంది. రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు చోట్ల పెట్టండి.

ఎవరింట్లోనైనా సూపర్ 8 (ఇంట్లో తీసుకునే సన్నటి సినిమా ఫిల్ము) రీళ్ళు ఉంటే ఇంకో మాట. కొడాక్ 1965లో తెచ్చింది దాన్ని. ఒక కార్ట్రిడ్జ్‌లో 50 అడుగుల ఫిల్ము, సెకనుకి 18 ఫ్రేముల లెక్కన మూడు నిమిషాల ఇరవై సెకన్లు, అంతే. అందుకే ఆ రీళ్ళల్లో సోది ఉండదు. ఎవరో నవ్వుతారు, ఎవరో పరిగెడతారు, కట్. గంటల తరబడి నడిచిన వీడియో కెమెరాతో తీసినవి చూడండి, అరగంట సేపు ఖాళీ కుర్చీలు. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఆ రీలు పాడవడం మొదలైందని అర్థం. అసిటేట్ ఫిల్ము విరిగి ఆసిడ్ వదులుతుంది, ఆ ఆవిరి పక్క రీళ్ళకీ చేటు. దాన్ని వేరు చేసి, ప్రొజెక్టర్‌లో పెట్టకుండా స్కాన్ చేయించండి.


పాతసామాను:

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు.

టీవీ ఆన్ అయింది. ధుమ్ కూడా వచ్చింది, ముందే చెప్పబట్టి సరిపోయింది గానీ లేకపోతే ప్లగ్ పీకేసేవాణ్ణి. మొదట చీకటిగా ఉండి మెల్లగా వెలుగొచ్చింది, కుడివైపు మూల కొంచెం ఊదాగా ఉంది, రెండోసారి ఆన్ చేశాక పోయింది. అదే వీసీఆర్, అదే క్యాసెట్. దువ్వెన పళ్ళు లేవు, వంకర లేదు, ఎరుపు ఇంకా కొంచెం కారుతోంది కానీ చూస్తుంటే పట్టించుకోబుద్ధి కాలేదు. టంకం_పొగ గారి లెక్క కరెక్టే.

పిల్లలు గదిలోకి వచ్చి "ఏంటా కీచు?" అన్నారు. నాకేం వినపడట్లేదు. టీవీ పాడైందా, నా చెవులా?

అడ్డంగా_వాదిస్తా గారు చెప్పినట్టు ఇంట్లో అడిగాను. మా చెల్లెలికి ఆ సినిమా రాత్రులంటే పడదట! అన్నీ ఫైటింగ్ సినిమాలే పెట్టేవాళ్ళనీ, తనకి తెర కనిపించే చోటు ఎప్పుడూ ఇవ్వలేదనీ ఫోన్లో చాలాసేపు చెప్పింది. కాబట్టి వంతుల పద్ధతే. మొదటి వంతు తనకే ఇస్తున్నాం, ఈసారి వచ్చినప్పుడు.

పెట్టె బోర్లించాను. ఇంటి క్యాసెట్లు అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి. రెండింటిలో క్యాసెట్ మీది కిటికీలోంచి చూస్తే టేపు అంచు మీద తెల్లటి పొడిలాంటిది కనిపిస్తోంది. తుడిచి పెట్టెయ్యొచ్చా?


టంకం_పొగ:

టీవీ, మీ చెవులు రెండూ బాగానే ఉన్నాయి, మీ వయసు పెరిగింది అంతే. 625 గీతలు, సెకనుకి 25 సార్లు, గుణిస్తే సెకనుకి 15,625. గీత గీసే సర్క్యూట్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ ఆ వేగంలో సన్నగా కంపిస్తుంది. పిల్లలకి వినిపిస్తుంది, పెద్దయ్యేకొద్దీ పై శబ్దాలు మన చెవికి అందవు. చిన్నప్పుడు పక్క గదిలో టీవీ ఆన్‌లో ఉందని సౌండ్ తగ్గించినా కనిపెట్టేసేవాళ్ళం గుర్తుందా, దీనివల్లే. వాళ్ళకి మరీ చిరాగ్గా ఉంటే కొంచెం దూరంగా కూర్చోబెట్టండి.


రీలు_చుట్ట:

పెట్టొద్దు! ఆ తెల్లటిది బూజు అయి ఉండటానికే ఎక్కువ అవకాశం. ఒక్కసారి లోపల తిరిగితే హెడ్లకి అంటుకుంటుంది, అక్కడి నుంచి తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. ఆ రెండింటినీ వేరే కవర్లలో పెట్టి మిగతావాటికి దూరంగా ఉంచండి. ఇంట్లో తెరిచి ఊదడం లాంటివి చెయ్యకండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. టేపులు శుభ్రం చేసి డిజిటల్‌గా మార్చేవాళ్ళకి ఇవ్వండి, ఇచ్చేముందు బూజు ఉందని చెప్పండి, చెప్పకపోతే వాళ్ళ మెషీన్ పోతుంది. మిగతావాటిని పూర్తిగా రివైండ్ చేసి, పుస్తకాల్లా నిలబెట్టి, చల్లగా పొడిగా ఉండే చోట పెట్టండి. ఏది ముందు తియ్యాలో తేలకపోతే మనుషులు మాట్లాడే టేపులు ముందు తియ్యండి.


అడ్డంగా_వాదిస్తా:

చెల్లెలి గారికి నా తరఫున ఒక లైకు.

నా మాట మార్చుకోవట్లేదు, సినిమాలకి నేను కొత్త టీవీనే ఎంచుకుంటాను. కానీ టీవీ పారెయ్యొద్దనడానికి నాకూ ఒక కారణం ఉంది, ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. ఆ స్టోర్ రూమ్‌లోనే పాత వీడియో గేమ్, దాంతో పాటు తెర వైపు గురిపెట్టి కాల్చే ప్లాస్టిక్ తుపాకీ ఏమైనా ఉన్నాయేమో చూడండి. అది తుపాకీ లోంచి ఏమీ పంపించదు, తెర మీద వెలుగు ఎప్పుడు వచ్చిందో చూసుకుంటుంది, ఆ టైమింగ్ ట్యూబుకే సరిపోతుంది. కొత్త టీవీలు బొమ్మని సవరించి ఆలస్యంగా చూపిస్తాయి కాబట్టి దాని ముందు ఎంత కాల్చినా గురి తప్పిందనే అంటుంది. సినిమా వంతు రానివాళ్ళకి ఆ గేమ్ ఇచ్చేయొచ్చు. ఒకవేళ ఎప్పుడో నిజంగానే టీవీ వదిలించుకోవాల్సి వస్తే చెత్తకుప్పలో మాత్రం పడెయ్యకండి, ఆ గాజులో సీసం ఉంటుంది, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్ళకే ఇవ్వాలి.